గాలి ఎవరిది? సఫక్ గాలిమరల చరిత్ర

ఇంగ్లండు తూర్పు తీరాన, ఉత్తర సముద్రాన్ని ఆనుకొని సఫక్ అనే కౌంటీ ఒకటి వున్నది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. అక్కడ చెప్పుకోదగిన కొండలు లేవు. ఏర్లు వున్నా వాటి నడక మందం. మర చక్రాన్ని తిప్పగల ఉరవడి చాలాచోట్ల లేదు. నేల మాత్రం గోధుమకూ బార్లీకీ పెట్టింది పేరు. సముద్రం మీదినుంచి వచ్చే గాలికి అడ్డం లేదు. పండిన గింజను పిండి చేయటానికి ఆ గాలిచేత పని చేయించుకోవటం అక్కడివారు ఎనిమిది వందల ఏండ్ల క్రిందటే నేర్చుకొన్నారు.

ఇవాళ అక్కడ మిగిలివున్న గాలిమరలను చూడటానికి యాత్రికులు వస్తారు. క్యాలెండర్ల మీద వాటి బొమ్మలు వేస్తారు. కలతలెరుగని పల్లెకు, గడిచిపోయిన మంచి రోజులకు అవి గుర్తులని చెప్పుకొంటారు. నేను చరిత్రలో చదివిన గాలిమర అటువంటిది కాదు. అది పుట్టిన నాటినుంచీ తగవుల్లోనే తిరిగింది. గింజ ఎవరిది, పిండి ఎవరిది, ఆడించే హక్కు ఎవరిది అన్న తగవులవి. వీటన్నిటికీ మూలమైన ప్రశ్న మొట్టమొదట సఫక్‌లోనే, 1191 ప్రాంతంలో, ఇద్దరు మతాధికారుల మధ్య బాహాటంగా వచ్చింది: గాలి ఎవరిది?

ఆ సంగతి మనకు చెప్పినవాడు జోసెలిన్ అనే సన్యాసి. సఫక్‌లోని బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణంలో ఆనాడు ఒక పెద్ద మఠం వుండేది. ఇంగ్లండులో మహా సంపన్నమైన మఠాలలో అది ఒకటి. పట్టణమూ, చుట్టుపక్కల గ్రామాలూ, సంతలూ, న్యాయస్థానాలూ, పిండిమరలూ దాని చేతిలో వుండేవి. జోసెలిన్ ఆ మఠంలో వుండి మఠాధిపతి శాంసన్ చర్యలను కళ్లారా చూసి వ్రాసిపెట్టాడు. హెర్బర్ట్ అనే డీన్ హాబర్డన్ అనే చోట ఒక గాలిమర కట్టించాడట. ఆ వార్త చెవిన పడగానే శాంసన్ మండిపడ్డాడు. ఆ కట్టడం కూలేదాకా అన్నం ముట్టనంత పని చేశాడు. తెల్లవారగానే వడ్రంగులను వెంటబెట్టుకొని పోయి మరను విప్పి, కొయ్యలు జాగ్రత్త చేయవలసిందని ఆజ్ఞాపించాడు. హెర్బర్ట్ పరుగున వచ్చి మొరపెట్టుకొన్నాడు. గాలి వల్ల కలిగే లాభాన్ని ఏ మనిషికీ కాదనరాదన్నాడు. నేను ఆడించుకొనేది నా గింజ మాత్రమే, ఇరుగుపొరుగు మరలకు నష్టం లేదన్నాడు. శాంసన్ వినలేదు. ఆ పట్టణపు ఎల్లలలో మఠం అనుమతి లేకుండా రాజు సైతం ఏమీ కట్టరాదన్నాడు. నీ మర వుంటే పట్టణవాసులు నీ దగ్గరకే వచ్చి తమ గింజ ఆడించుకొంటారు, వాళ్లు స్వతంత్రులు గనుక నేను శిక్షించలేను, నా మరలకు నష్టం రాక తప్పదు అన్నాడు. శాంసన్ మనుషులు వచ్చేలోపలే హెర్బర్ట్ తన మరను తానే విప్పించుకొన్నాడు. వచ్చినవారికి కూల్చటానికి ఏమీ మిగలలేదు.

ఈ కథలో హెర్బర్ట్‌ను ప్రజానాయకుడుగా చేయనక్కరలేదు. అతడూ మతాధికారే, అతడికి కావలసింది తన గింజకు తన మర. కాని శాంసన్ జవాబును శ్రద్ధగా చూడవలసి వున్నది. గాలి నాది అని అతడు అనలేదు. ఆ మాట అనవలసిన అవసరమూ అతడికి లేదు. మర నిలిచే చోటు అతడిది, ఆడించటానికి వచ్చే జనం అతడి జనం. ఆ రెండూ చేతిలో వుంటే గాలి ఎవరిదైనా ఒకటే. స్వతంత్రులను శిక్షించలేనన్న మాటలో మరొక గుట్టు బయటపడుతుంది. స్వతంత్రులు కానివారిని శిక్షించవచ్చునన్న మాట! మఠం మాన్యాలలో అర్ధబానిస రైతు తన గింజను ప్రభువు మరలోనే ఆడించాలి. ఆడించినందుకు గింజలో పదహారో వంతో, ఇరవయ్యో వంతో అక్కడ వదలిపెట్టాలి. వేరే మరకు పోతే జరిమానా. ఇంట్లో తిరగలితో విసురుకొంటే అదీ నేరమే.

కార్లైల్ 1843లో వ్రాసిన «గతము, వర్తమానము» అనే గ్రంథంలో ఈ శాంసన్‌నే ఆదర్శ నాయకుడుగా నిలబెట్టాడు. తన కాలపు పెట్టుబడిదారీ ఇంగ్లండును చీదరించుకొని, దానికి మందు పాతకాలపు పెద్దరికంలో వెతికాడు. ఆ పుస్తకాన్ని ఎంగెల్స్ 1844లో సమీక్షించాడు. ఇంగ్లండు దుస్థితిని బయటపెట్టినందుకు దానిని మెచ్చుకొన్నాడు గాని, వీరపూజ అనే ఆ మందును ఒప్పుకోలేదు. గాలిమరల పట్ల ఈనాటి ముచ్చటలో కూడా కార్లైల్ ధోరణి కొంత వున్నదని నా అభిప్రాయం.

ఆ మర ఎటువంటిదో తెలిస్తే అది ప్రభువుల చేతిలోనే ఎందుకుండిపోయిందో బోధపడుతుంది. తొలినాటి గాలిమర మొత్తం ఒకే ఒక స్తంభం మీద నిలుస్తుంది. మన గుడిసెకు నిట్రాడ ఎట్లాగో దానికి ఆ స్తంభం అట్లా. తేడా ఏమిటంటే మన గుడిసె కదలదు. అక్కడ తిరగలిరాళ్లతో, పళ్లచక్రాలతో, రెక్కలతో సహా మరయిల్లంతా ఆ నిట్రాడ మీద గిర్రున తిరుగుతుంది. గాలి దిక్కు మారినప్పుడల్లా మరవాడు వెనకనున్న తోకదూలానికి భుజం ఆనించి యిల్లంతటినీ గాలికి ఎదురుగా తిప్పాలి. దీనికి బలమైన ఓక్ మాను కావాలి, పనితనం తెలిసిన వడ్రంగులు కావాలి, దూరాన్నుంచి తెప్పించిన రాళ్లు కావాలి. ఒక పేద రైతు కట్టగలిగినది కాదు. తిరగలి సంగతి వేరు. రెండు రాళ్లూ, ఒక పిడీ, ఒక మనిషి రెక్కల కష్టమూ వుంటే చాలు. తిరగలి వున్న యింటికి మఠంతో పని లేదు.

అందుకే తిరగలి మీద మఠాలు యుద్ధం చేశాయి. ఈ యుద్ధం పూర్తి స్వరూపం చూడాలంటే సఫక్ ఎల్ల దాటి నైరుతిగా, లండనుకు ఉత్తరాన వున్న సెయింట్ ఆల్బన్స్‌కు పోవాలి. అక్కడి మఠానిది కూడా బరీ మఠం వంటి పెత్తనమే. పట్టణవాసులు తరతరాలుగా ఇంట్లో తిరగలి పెట్టుకొనే హక్కు కోసం పెనుగులాడారు. 1331లో మఠాధిపతి రిచర్డ్ చేతిలో వారు ఓడిపోయారు. ఇతడు అజ్ఞాని కాదు. గణితజ్ఞుడు, గ్రహగతులను చూపే అద్భుతమైన గడియారాన్ని రూపొందించినవాడు. ఆకాశంలో గ్రహాల లెక్క తెలిసిన ఈ పండితుడు ఇళ్లలోని తిరగళ్లను స్వాధీనం చేసుకొని, ఆ రాళ్లతో మఠంలోని గదికి నేల పరిపించాడు. జనం తమ ఓటమిని ఆ గదిలో అడుగుపెట్టినప్పుడల్లా తొక్కుతూ నడవాలన్న మాట.

ఏభై ఏండ్లు గడిచాయి. 1381 జూన్‌లో ఇంగ్లండు రైతాంగం తిరగబడింది. సెయింట్ ఆల్బన్స్‌లో విలియం గ్రైండ్‌కాబ్ నాయకత్వాన జనం మఠంలో జొరబడ్డారు. మొదటి ఘడియలలోనే వారు చేసిన పనులలో ఒకటి ఆ నేల తవ్వటం. తాతల నాటి తిరగలిరాళ్లను పెకలించి, పగలగొట్టి, ముక్కలు ఒకరికొకరు పంచుకొన్నారు. చర్చిలో ఆదివారం నాడు పంచే రొట్టెను పంచుకొన్నట్టే పంచుకొన్నారని వ్రాసినవాడు అదే మఠంలోని సన్యాసి వాల్సింగ్‌హామ్. అతడికి ఆ జనం అంటే గిట్టదు. కనుక ఈ సాక్ష్యానికి విలువ ఎక్కువ. అదే నెలలో సఫక్‌లో కూడా బరీ మఠం మీద జనం పడ్డారు. మఠం ఉపాధిపతిని చంపి, హక్కుల పత్రాలు తమకిమ్మని సన్యాసులను నిలదీశారు. కొద్ది వారాలలోనే తిరుగుబాటు అణగిపోయింది. గ్రైండ్‌కాబ్‌ను ఉరితీశారు.

ఇక్కడ ఒక సిద్ధాంత విషయం ప్రస్తావించక తప్పదు. మార్క్స్ 1847లో ప్రూధాన్‌కు జవాబుగా వ్రాసిన «తత్వశాస్త్ర దారిద్ర్యం»లో తిరగలిని భూస్వామ్య సమాజంతో, ఆవిరిమరను పారిశ్రామిక పెట్టుబడిదారీ సమాజంతో జత చేసిన సంగతి మన విద్యార్థులకు కంఠస్థమే. దానిని ఎక్కాల పుస్తకంలోని సూత్రంలాగా పట్టుకొంటే సెయింట్ ఆల్బన్స్ బోధపడదు. అక్కడ భూస్వామ్య ప్రభువు చేతిలో వున్నది పెద్ద యంత్రం. తిరగలి అతడికి ఎదురుతిరిగిన జనం చేతిలో వున్నది. ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ 1935లో నీటిమర మీద వ్రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ విషయాన్నే విప్పి చూపాడు. నీటిమర ప్రాచీనులకు తెలిసినదే. అది మధ్యయుగాలలో ఊరూరా వ్యాపించటం వెనుక ప్రభువుల నిర్బంధం వున్నదని అతడి వాదం. ఈ బ్లాక్ ఫాసిస్టు వ్యతిరేక ప్రతిఘటనలో పాల్గొని 1944లో నాజీల తుపాకులకు బలి అయినవాడని మన పాఠకులు గుర్తుంచుకోవాలి.

అయితే మార్క్స్ పొరబడ్డాడని గెంతులు వేసేవారికి కూడా ఇక్కడ చోటు లేదు. 1847 నాటి ఆ మాట ఒక వాదంలో విసిరిన క్లుప్తమైన మాట. ఇరవై ఏండ్ల తర్వాత «పెట్టుబడి»లో యంత్రాల అధ్యాయం వ్రాస్తూ, యంత్రం వేరు, దానిని పెట్టుబడి వాడుకొనే తీరు వేరు అనీ, ఈ తేడా తెలుసుకోవటానికి శ్రామికులకు కాలమూ అనుభవమూ పట్టిందనీ ఆయన వివరించాడు. ఈ రెండవ మాటే మన పనికి తాళంచెవి. ఉత్పత్తి సాధనం ఎంత ముఖ్యమో, అది ఎవరి చేతిలో వున్నదన్నదీ అంత ముఖ్యం. సఫక్ గాలిమర తర్వాతి చరిత్ర దీనినే నిరూపిస్తుంది.

బరీ మఠాన్ని 1539లో రాజు రద్దు చేశాడు. దాని భూములు కొత్త భూస్వాముల పాలయినాయి. ప్రభువు మరకే పోవాలన్న నిర్బంధం క్రమంగా సడలింది. దాని స్థానంలో డబ్బు వచ్చింది. పద్ధెనిమిదవ శతాబ్దం నాటికి మర యజమాని మఠం నౌకరు కాడు. గింజ కొని, పిండి అమ్మే వర్తకుడు. మర కూడా మారింది. 1745లో ఎడ్మండ్ లీ మర వెనుక ఒక చిన్న పంకా అమర్చి, గాలి తిరిగినప్పుడు మర దానంతటదే తిరిగే ఉపాయం కనిపెట్టాడు. 1772లో మైకెల్ రెక్కలకు చిన్న చిన్న తలుపులు అమర్చి, గాలి మితిమీరితే అవి తెరుచుకొనేటట్టు చేశాడు. 1807లో విలియం క్యూబిట్, మరను ఆపకుండానే ఆ తలుపులన్నిటినీ ఒక్కసారిగా సర్దగల రెక్కలు కనిపెట్టాడు. ఇప్పటికీ నిలిచివున్న సాక్స్‌టెడ్ గ్రీన్ మర ఈ మార్పులకు సాక్షి. ఆ గ్రామంలో 1287 నాటికే మర వున్నది. ఇప్పుడున్నది పద్ధెనిమిదవ శతాబ్దపు చివరినాటిది. దానిని తర్వాత మూడుసార్లు ఎత్తు పెంచారు.

ఈ కాలపు మర యజమాని ఎటువంటివాడో తెలియాలంటే గోల్డింగ్ కాన్‌స్టబుల్‌ను చూడాలి. సఫక్ దక్షిణపు అంచున ఈస్ట్ బెర్గోల్ట్ అతడి వూరు. వూరి బయలులో ఒక గాలిమర, ఏటి మీద నీటిమరలు, పిండిని లండనుకు చేర్చటానికి సొంత ఓడ అతడికి వుండేవి. అతడి కుమారుడు జాన్ సుమారు ఒక ఏడాది ఆ గాలిమరలో పనిచేశాడు. మర కొయ్య మీద గాలిమర బొమ్మ గీసి, పేరు, 1792 అనే సంవత్సరం చెక్కాడు. అతడే తర్వాత ఇంగ్లండు ప్రకృతి చిత్రకారులలో అగ్రగణ్యుడయినాడు. తాను పనిచేసిన మరను చిత్రించాడు. మేఘం రంగు చూసి గాలి ఎటు తిరుగుతుందో చెప్పగల మరవాడి కన్ను అతడి చిత్రాలలో వున్నది. వాటి నిజాయితీ అదే. కాని ఆ చిత్రాలలో కనిపించనిది కూడా ఒకటి వున్నది. అదే రోజులలో ఆ పొలాలలో కూలివాడికి రొట్టె దొరకలేదు.

నెపోలియన్ యుద్ధాలు ముగిశాయి. 1815లో భూస్వాముల పార్లమెంటు ధాన్యపు చట్టం చేసింది. స్వదేశంలో గోధుమ ధర క్వార్టరు ఒక్కింటికి 80 షిల్లింగులకు చేరేదాకా విదేశపు గోధుమను అమ్మకానికి రానీయరాదని దాని సారాంశం. కూలి పెరగలేదు, రొట్టె దిగలేదు. 1816 మే నెలలో సఫక్‌లోని బ్రాండన్‌లో కూలిజనం జెండా పట్టుకొని బయలుదేరారు. దాని మీద వ్రాసినది: రొట్టె, లేదా రక్తం. పక్క కౌంటీలోని లిటిల్‌పోర్ట్‌లో అల్లర్లు చెలరేగాయి. జూన్ 28న ఈలీలో అయిదుగురిని ఉరితీశారు. 1822లో మళ్లీ సఫక్‌లోనూ దాని ఉత్తరాన వున్న నార్‌ఫక్‌లోనూ కూలీలు నూర్పిడి యంత్రాలను విరగగొట్టారు. చలికాలమంతా చేతికి దొరికే నూర్పిడి పనిని ఆ యంత్రాలు మింగివేశాయి.

ఇక్కడ క్యూబిట్ మళ్లీ కనిపిస్తాడు. గాలిమరకు ఆ చక్కని రెక్కలు కనిపెట్టినవాడు సఫక్‌లోని ఇప్స్విచ్ పట్టణంలో ఇంజనీరుగా చేరాడు. 1818 ప్రాంతంలో అతడు మరొక యంత్రాన్ని రూపొందించాడు. జైలు ఖైదీలు వరుసగా నిలబడి, ఎంత ఎక్కినా తరగని మెట్ల వంటి చక్రాన్ని గంటల తరబడి కాళ్లతో తొక్కాలి. మొట్టమొదట దానిని పెట్టిన జైళ్లలో బరీ సెయింట్ ఎడ్మండ్స్ జైలు ఒకటి. కొన్నిచోట్ల ఆ చక్రం గింజ విసిరేది. కొన్నిచోట్ల దేనినీ విసిరేది కాదు, పైన పంకా తిరిగేది, అంతే. గాలిని విసరటం అని ఖైదీలే దానికి పేరు పెట్టారు. మరవాడి భుజం నొప్పి తగ్గించిన మేధస్సే కూలివాడి కాళ్లకు ఈ శిక్ష విధించింది. పెద్ద కాయితాల మీద గీతలు గీసిన చేయి ఒక్కటే. పని పురమాయించిన యజమానులు వేరు. 1898 చట్టం వచ్చేదాకా ఆ చక్రం పోలేదు.

గాలిమర పేదల పక్షాన తిరిగిన సందర్భం లేదా అంటే, వున్నది. అదే సముద్రతీరాన మరికొంత ఉత్తరంగా హల్ అనే రేవుపట్టణం వున్నది. 1795 కరువు ధరలలో అక్కడి పేదలు పైసాపైసా కూడబెట్టి, సంఘంగా ఏర్పడి, తమ గింజ తామే ఆడించుకోవటానికి ఒక మర కట్టుకొన్నారు. వర్తకుల మరలకు ఎదురుగా కట్టినది గనుక దానికి ఎదురుమర అన్న అర్థం వచ్చే పేరు పడింది. 1811లో మరల యజమానులు అది జనానికి ఉపద్రవమని కోర్టుకెక్కారు. జూరీ సంఘం పక్షాన తీర్పు చెప్పింది. శాంసన్ వాదానికి ఆరు వందల ఏండ్ల తర్వాత దొరికిన జవాబు ఇది.

గాలిమరల పతనం ఆవిరి వల్ల జరిగిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది సగం నిజం. 1846లో ధాన్యపు చట్టం రద్దయింది. 1870 తర్వాత అమెరికా మైదానాల గోధుమ రైళ్లలో, ఆవిరి ఓడలలో చవకగా వచ్చిపడింది. ఆ గట్టి గింజను ఉక్కు రోలర్ల మధ్య నలిపి తెల్లని పిండి తీసే మిల్లులు వెలిశాయి. గోధుమ ఓడలో వచ్చేటప్పుడు మిల్లు రేవులోనే వుండటం లాభం. పల్లెలోని గాలిమరకు కోళ్లకూ పందులకూ మేత విసిరే పని మిగిలింది. పల్లెకూలి గతి కూడా అంతే. 1874లో సఫక్‌లోని ఎక్స్‌నింగ్ దగ్గర కూలీలు వారానికి ఒక్క షిల్లింగు కూలి పెంచమన్నందుకు రైతు యజమానులు జట్టుకట్టి తూర్పు కౌంటీలలో సంఘంలో చేరినవారికి పని మూసివేశారు. కొన్ని నెలలు పస్తులుండి కూలీలు ఓడిపోయారు.

రేవులకు వచ్చిన ఆ గోధుమలో మన దేశపుది కూడా వున్నది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. 1873లో ప్రభుత్వం గోధుమ ఎగుమతి సుంకం ఎత్తివేసింది. 1876 నుంచి 1878 దాకా రాయలసీమను ధాత కరువు ఊడ్చివేసింది. మన పెద్దల నోట ఆ పేరు చాలాకాలం నిలిచింది. ఆ కరువు రోజులలో కూడా ఉత్తరాది గోధుమ ఇంగ్లండుకు పోతూనే వున్నది. వ్యాపారంలో చేయి పెట్టరాదని లిట్టన్ ప్రభుత్వపు సిద్ధాంతం. సఫక్ కూలివాడి నోటికి చవక రొట్టె అందిన మార్గంలో ఎవరి ఆకలి కలిసివున్నదో అతడికి తెలియదు. అతడి మర ఎందుకు మూతపడిందో మనవాడికీ తెలియదు. ఇద్దరికీ మధ్య వర్తకుడొక్కడే రెండు వైపులా ఎరిగినవాడు.

సాక్స్‌టెడ్ గ్రీన్ మర పిండి ఆడటం 1947లో ఆగిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం దానిని చారిత్రక కట్టడంగా కాపాడుతూ వచ్చింది. కాపాడటం మంచిదే. వడ్రంగుల ప్రజ్ఞకు అంతకన్న గొప్ప స్మారకం లేదు. కాని కొయ్యను కాపాడి తగవును మరచిపోతే చరిత్రలో సగమే మిగులుతుంది.

ఆ తగవు ముగిసిందని కూడా చెప్పలేము. సఫక్ తీరానికి సుమారు 43 కిలోమీటర్ల దూరాన, సముద్రంలో 102 పెద్ద గాలిమరలు లేచాయి. 2020లో పూర్తయిన ఆ కేంద్రం శక్తి 714 మెగావాట్లు. ఇవి పిండి విసరవు, విద్యుత్తు ఇస్తాయి. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో ఇవి అవసరమే. వాటిని చూసి పెదవి విరవటం అభ్యుదయం అనిపించుకోదు. కాని ఇంగ్లండు తీరం వెంట సముద్రపు అడుగు భూమి క్రౌన్ ఎస్టేట్ అనే సంస్థ అధీనంలో వున్నది. తీరానికి బాగా దూరాన కూడా గాలి నుంచి విద్యుత్తు తీయటానికి చోటు కౌలుకిచ్చే హక్కు 2004 చట్టం దానికే ఇచ్చింది. గాలి ఉచితమే. మర నిలిచే చోటికి మాత్రం కౌలు కట్టాలి. ఆ ఆదాయం ఖజానాకు పోతుంది. రాజకుటుంబానికి ఏటా ఇచ్చే గ్రాంటును దాని లాభాన్ని బట్టే లెక్కకడతారు. మర కట్టే డబ్బు పెద్ద కంపెనీలది. శాంసన్ లేచి వచ్చి చూస్తే ఈ ఏర్పాటు అతడికి కొత్తగా తోచదు.

గాలి అందరిదీ అని 1191లో హెర్బర్ట్ కూడా అన్నాడు. అని, తన మరను తానే విప్పుకొన్నాడు. హల్ పట్టణపు పేదలు ఆ మాట అనటంతో ఆగక మర కట్టుకొన్నారు, కోర్టులో నిలబెట్టుకొన్నారు. మన ప్రాంతంలో గుట్టల మీద గాలిమరలు లేస్తున్న ఈ రోజులలో విద్యార్థులు యంత్రాన్ని చూసి ఆశ్చర్యపోవలసిందే. ఆ తర్వాత అడగవలసిన ప్రశ్నలు మరి రెండు వున్నాయి: అది నిలిచిన నేల ఎవరిది? అది ఆడించిన దానిలో ఎన్నోవంతు ఎవరికి పోతున్నది?